గోడలో మూసిన కవరు సంగతి

బెల్‌విల్, ఒంటారియో
జనవరి 29, 2024

రవాణా విమానాల స్క్వాడ్రన్ కమాండింగ్ ఆఫీసరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: సార్జెంట్ యోగానంద్ గారిపై వచ్చిన నిర్లక్ష్యం ఆరోపణ నిజం కాదనియు, ఆ తప్పు ఈ అర్జీదారుడు చేసినదే అనియు ఒప్పుకొనుట గురించి.

తమ స్క్వాడ్రన్‌లో లోడ్‌మాస్టర్‌గా, అనగా సరుకుల విమానంలో ఏ బరువు ఎక్కడ ఉండాలో లెక్కగట్టి గొలుసులతో బిగించే ఉద్యోగంలో ఉన్న కార్పొరల్ ఝాన్సీలక్ష్మికి నేను భర్తను. నా పేరు అచ్యుత్. వయసు ముప్పై ఒకటి. కిచెనర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాను. తమరికి తెలుగు రాదని ఎరుగుదును. నాకు ఇంగ్లీషులో ఆఫీసు ఈమెయిళ్లు రాయడం బాగానే వచ్చు గానీ, తప్పు ఒప్పుకోవడం రాదు. రెండుసార్లు ప్రయత్నించాను. రెండుసార్లూ తప్పు ఎవరిదో తెలియకుండా వాక్యం ముగిసింది. అందుచేత తెలుగులో రాస్తున్నాను. మా ఇంట్లో పై గదిలో అద్దెకుంటూ ఇక్కడి కాలేజీలో చదువుకుంటున్న స్నేహ దీన్ని ఇంగ్లీషులోకి మార్చి జతపరుస్తుంది. ఏదీ తగ్గించవద్దని ఆమెకు చెప్పాను.

వివరములు ఈ దిగువ మనవి చేసుకొంటున్నాను.

1. గత సెప్టెంబరులో మేము ఈ ఇల్లు కొన్నాము. 1908లో కట్టిన ఇటుక ఇల్లు. గోడల లోపల చెక్క బద్దలు, వాటి మీద సున్నపు గార. చలిని ఆపడానికి ఆ కాలంవాళ్లు రంపపు పొట్టు పోశారు, అదంతా ఎప్పుడో కిందికి జారిపోయింది. వంటింట్లో నిలబడితే చెవికి చల్లగాలి తగిలేది. చలికాలం ముదరకముందే ఇద్దరం కలిసి గోడలు విప్పి, కొత్త వైర్లు లాగి, ఇన్సులేషన్ నింపి, డ్రైవాల్ అనే జిప్సం పలకలు బిగించాలని ఒప్పందం. నవంబరులో ఆమె పందొమ్మిది రోజులు ఇంట్లో లేదు. ఉత్తరాన మంచు దీవుల్లోని స్టేషన్లకు ఇంధనం, తిండి, జనరేటర్లు మోసుకెళ్తోంది. గోడలన్నీ నేనొక్కడినే విప్పాను. ముక్కులో నూరేళ్ల నాటి దుమ్ము పెట్టుకుని ఆఫీసు మీటింగుల్లో కూర్చున్నాను. ఇది ఫిర్యాదు కాదు. ఫిర్యాదు తరువాతి పేరాలో ఉన్నది.

2. ఫిర్యాదు ఏమనగా, నా భార్య ఇంటికి వచ్చినా ఇంటికి రాలేదు. అన్నం తింటూ విమానం సంగతులే చెప్పేది. గాలిలో వెనక తలుపు తెరిస్తే కింద సముద్రం గడ్డకట్టి ఎలా కనపడిందో, మైనస్ నలభైలో గొలుసు పట్టుకుంటే చేతి తొడుగు ఎలా అతుక్కుపోయిందో, హెడ్‌సెట్‌లో ఎవరు ఏ జోకు వేశారో. ఆ జోకులు నాకు చెప్తే నవ్వు వచ్చేది కాదు. ఆమె మాత్రం చెప్తూ చెప్తూనే నవ్వేది. నేను బిగించిన వంటింటి అలమరాను ఒకరోజు రెండు చేతులా పట్టి లాగి చూసి, "ఇది టర్బులెన్స్‌లో నిలవదు" అన్నది. ఇల్లు ఎగరదు కదా అన్నాను. ఆమె నవ్వింది గానీ, ఆ మరలు రెండు విప్పి మళ్లీ తనే బిగించింది. ఆ రోజు నేను అన్నం సరిగా తినలేదు.

అన్నిటికంటె ఎక్కువగా వినపడిన పేరు యోగానంద్. సీనియర్ లోడ్‌మాస్టర్, ఆమెకు పని నేర్పినవారు. మారిషస్ నుంచి మాంట్రియల్‌కు వచ్చిన తెలుగు కుటుంబమట. భజన పాటలు, "రా", "తిను", "కూచో" తప్ప తెలుగు రాదట. ఆయన నా భార్యను "లక్ష్మి" అని పిలుస్తారట. ఇంట్లో అందరం ఝాన్సీ అనే అంటాం. మూడేళ్ల కాపురంలో ఆ రెండో సగం పిలవాలని నాకెన్నడూ తోచలేదు. నాకు తోచనిది ఆయనకు తోచినందుకు, అయ్యా, నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు.

3. ఈ గుణం నాకు ఎక్కడిదని తమరు అడగవచ్చును. 2018లో నేను స్టూడెంట్ వీసా మీద వచ్చినప్పుడు కిచెనర్‌లో ఒక బేస్‌మెంట్‌లో తొమ్మిదిమందిమి ఉండేవాళ్లం. ఒక ఫ్రిజ్, ఒక స్నానాల గది. పరుపు మీద వంతులు. రాత్రి షిఫ్టువాడు లేస్తే పగలు క్లాసువాడు పడుకునేవాడు. పెరుగు డబ్బా మీద పేరు రాసి పెట్టుకున్నా సాయంత్రానికి ఖాళీ. "ఇది నాది" అనుకున్నది ఏదీ పూర్తిగా నాది కాలేదు. ఇప్పుడు ఇంకా ఎక్కువమంది వస్తున్నారు. మా పై గది అద్దెకని ప్రకటన ఇస్తే ఒక్కరోజులో నూట నలభై ఫోన్లు వచ్చాయి. ఆ బేస్‌మెంట్ నుంచి బయటపడ్డాక నాకు దొరికినవి రెండు: ఝాన్సీ, ఈ ఇల్లు. ఈ రెంటిలోనూ వేరొకరికి వంతు ఉన్నదంటే నేను తట్టుకోలేకపోయాను. ఇది కారణమే గానీ సమర్థన కాదు.

4. ఇక నేరము.

జనవరి 20, శనివారం. ఝాన్సీ వారం సెలవు పెట్టి, వాళ్లమ్మ రత్నకుమారి గారికి కంటి ఆపరేషన్ అయితే స్కార్‌బరో వెళ్లి ఉన్నది. మధ్యాహ్నం ఒక పాత ట్రక్ వచ్చి మా గుమ్మం ముందు ఆగింది. దిగినవారు యోగానంద్ గారు. అప్పటిదాకా నేను ఆయనను ఆరడుగుల మనిషిగా ఊహించుకున్నాను. ఆయన నా భుజం దాకా ఉంటారు. బట్టతల. ఇంజన్ల మోతకు పోయిన చెవుల్లో రెండు మిషన్లు. మా మెట్లు ఎక్కడానికి మోకాలు పట్టుకున్నారు. చూసి నాకు శాంతి కలగవలసింది. కలగలేదు. ఈ మనిషి కోసమా అంత నవ్వు అనిపించింది.

ఆయన చేతిలో కవరు ఉన్నది. కొత్త లోడ్‌మాస్టర్లకు పాఠం చెప్పే శిక్షకుల కోర్సుకు ఝాన్సీ ఎంపికైందని, ఆరు వారాలని, సోమవారం మధ్యాహ్నం పన్నెండులోగా సంతకం చేసి ఇవ్వాలని చెప్పారు. దానికి అప్లై చేశానని ఆమె నాకు నవంబరులోనే చెప్పింది. నేను గోడ వైపు నుంచి తల తిప్పకుండా "సరే" అన్నాను. ఫోన్ చేసి చెప్పవచ్చు కదా అని ఆయనను అడిగాను. ఆయన ఇంగ్లీషులో అన్న మాట ఇది: "ఫోన్‌లో వద్దు. రేపు వచ్చాక నువ్వే చేతిలో పెట్టు. ఆ ముఖం చూడాల్సింది నువ్వు, నేను కాదు."

వెళ్లబోతూ వంటింట్లోకి తొంగిచూసి, గోడకు కప్పిన ప్లాస్టిక్ షీటు అతుకుల మీద వేలు పెట్టి, ఇక్కడ టేప్ వేయకపోతే లోపల చెమ్మ పడుతుందన్నారు. నిజమే. ఆయన వెళ్లాక టేప్ వేశాను. ఒక అతుకు మాత్రం వదిలి, అందులోంచి కవరు లోపలికి జార్చి, అప్పుడు దాన్నీ మూశాను. దాని మీద డ్రైవాల్ పలక నిలబెట్టి, ముప్పై రెండు మరలు బిగించాను. అంత నేరుగా, అంత గట్టిగా ఈ ఇంట్లో నేను ఇంకేదీ బిగించలేదు.

5. ఆదివారం ఆమె వచ్చింది. గోడ బాగా వచ్చిందని మెచ్చుకుంది. సోమవారం స్టూడెంట్ పర్మిట్లకు పరిమితి పెడుతున్నారన్న వార్త వచ్చి, తన తమ్ముడు కిరీటికి ఇక రావడానికి వీలవుతుందో లేదోనని స్నేహ ఫోన్ వదల్లేదు. ఝాన్సీ ఆమెకు ధైర్యం చెప్తూ కూర్చున్నది. ఆ మాటల్లోనే మధ్యాహ్నం పన్నెండు దాటింది. నేను గడియారం చూస్తూనే ఉన్నాను.

మంగళవారం డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పకుండా రంగు బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నది. సీటు తరువాతివాళ్లకు ఇచ్చేశారని చెప్పింది. కవరు ఏమైందని తమరు అడిగితే, తన ట్రక్‌లో ఉండిపోయిందని, మరిచిపోయానని యోగానంద్ గారు చెప్పారట. విచారణ అయ్యేదాకా ఆయనను ఫ్లయింగ్ నుంచి తప్పించారట. "ఇరవై ఏడేళ్లలో ఒక్క గొలుసు లెక్క తప్పలేదు ఆయనకి. నా కవరు మర్చిపోయారు" అన్నది. ఏడవలేదు. ఆ కొత్త గోడకే ఆనుకున్నది. నేను టీ పెట్టి ఇచ్చాను. కవరు ఆమె తల వెనక జానెడు దూరంలో ఉన్నది.

తన మీద వేసుకోవలసిన అవసరం ఆయనకు ఏమున్నది? నా పేరు ఒక్క మాటలో చెప్పి ఉండవచ్చు. చెప్తే మా ఇల్లు ఏమవుతుందో ఆలోచించి ఉంటారు. అయ్యా, దాచకుండా రాస్తున్నాను. అది అర్థమైనప్పుడు నాకు ముందు కలిగినది పశ్చాత్తాపం కాదు. అసూయే. నా భార్య కోసం నేను చేయలేని పని ఆయన చేశారని.

6. ఆ తరువాతి మూడు రోజులూ నేను కోరుకున్నట్టే జరిగాయి. ఝాన్సీ విమానం ఊసెత్తలేదు. సాయంత్రాలు నా పక్కన నిలబడి గోడలకు లప్పం పూసింది. వేరే బృందానికి మార్చమని అడుగుతానన్నది. ఇంట్లో ఆ పేరు వినపడలేదు. నవ్వు కూడా వినపడలేదు.

శుక్రవారం ఆయన ఫోన్ చేశారు. ఆమె చూసి, నిద్రపోతున్నానని చెప్పమని ఫోన్ నా చేతికిచ్చింది. చెప్పాను. కవరు గురించి అడుగుతారనుకున్నాను. ఆయన అడగలేదు. "సరిగ్గా తింటోందా?" అన్నారు. తింటోందన్నాను. మంచిదని పెట్టేశారు.

శనివారం పొద్దున సుత్తి తీసుకుని ఆ గోడ పగలగొట్టాను. మరలు విప్పే ఓపిక లేదు. చప్పుడుకు ఝాన్సీ, స్నేహ ఇద్దరూ కిందికి వచ్చారు. డ్రైవాల్ పొడి దులిపి కవరు ఝాన్సీ చేతిలో పెట్టాను. ఆయన చూడమన్న ముఖం అప్పుడు చూశాను. అది ఆయన చూడమన్న ముఖం కాదు.

ఆమె కాగితం చదివి మడిచింది.

"ఆయన తన మీద వేసుకుని నాలుగు రోజులైంది. నువ్వు నాకు టీ పెట్టావు."

నేను సుత్తి కింద పెట్టాను.

"వెళ్లొద్దని అడగొచ్చు కదా అచ్యుత్. ఒక్కసారి కూడా అడగలేదు."

"అడిగితే మానేసేదానివా?"

"లేదు. కానీ అడిగినవాడివి అయ్యేవాడివి."

అప్పటి నుంచి ఝాన్సీ పైన స్నేహ గదిలో పడుకుంటోంది. గోడలో ఆ కన్నం అలాగే ఉన్నది. బయట మైనస్ ఇరవై రెండు. దానికి ఒక దుప్పటి మేకులు కొట్టి వేలాడదీశాను.

7. కావున తమరిని వేడుకొనునది ఏమనగా:

(అ) సార్జెంట్ యోగానంద్ గారు కవరును సకాలంలో మా ఇంట్లో, నా చేతికి ఇచ్చారు. వారి రికార్డులో ఏ మచ్చా లేకుండా తిరిగి ఫ్లయింగ్‌కు పంపగలరు. వారి రిటైర్‌మెంట్‌కు పధ్నాలుగు నెలలే ఉన్నాయి.

(ఆ) కార్పొరల్ ఝాన్సీలక్ష్మికి తప్పిపోయిన సీటు విషయం దయతో పునఃపరిశీలించగలరు.

(ఇ) సాక్ష్యంగా కవరు జతపరుస్తున్నాను. దాని మీది మరకలు డ్రైవాల్ పొడివి. విచారణకు పిలిస్తే ఏ రోజైనా వచ్చి, ఇందులో రాసినదంతా నోటితో చెప్పగలను.

ఈ విన్నపమును తమరు చిత్తగించి, శిక్ష వేయడానికి నేను తమ ఉద్యోగిని కాకపోయినా, వేయదగిన మనిషిగా భావించవలెనని కోరుతూ,

తమ విధేయుడు,
అచ్యుత్

తా.క.: స్నేహ ఇంగ్లీషు ప్రతి పూర్తిచేసి, "అన్నా, ఇది పంపే ముందు అక్క చదవాలె. లేకుంటే నేను పంపను" అన్నది. ఝాన్సీ వంటింట్లో నిలబడే మొత్తం చదివింది. 7 (ఆ) మీద పెన్నుతో గీత కొట్టింది. తన సీటు తనే మళ్లీ అప్లై చేసి తెచ్చుకుంటుందట, భర్త అర్జీతో వచ్చిన సీటులో కూర్చోదట. అందుచేత దానిని రద్దయినదిగా భావించవలెను. నిద్రపోయే చోటు విషయంలో మార్పు లేదు. కాని నిన్న కన్నం దగ్గర దుప్పటి జారిపోతే, ఇంకో మేకు తనే కొట్టింది.

యోగానంద్ గారికి ఫోన్ చేసి క్షమించమని అడిగాను. ఆయన అంతా విన్నారు. తరువాత, "నాకూ ఒక ఇల్లు ఉండేది, ఒక భార్య ఉండేది. నేను పైన ఉన్నప్పుడు ఆమె ఎలా ఉండేదో అడగలేదు. ఆమె చెప్పలేదు. ఒకరోజు ఇంటికొస్తే ఆమె తాళం చెవి బల్ల మీద ఉంది" అన్నారు. మంగళవారం నా పేరు చెప్పకపోవడానికి అదే కారణమట. ఇలా అర్జీ పెడుతున్నానంటే, మంచి పని అన్నారు.

ఆదివారం ఆయన వస్తున్నారు. డ్రైవాల్ పలక ఒక్కడే నిలబెట్టేది కాదట, ఇద్దరు పట్టాలట. ఆ రోజు ఝాన్సీకి ఉత్తరానికి ఫ్లయిట్ ఉన్నది. భోజనానికి ఏం చేయమంటారని అడిగితే, నేను చేసే గుత్తివంకాయ కూర కావాలన్నారు. అది తమరికెలా తెలుసన్నాను. పైన ఉన్నంతసేపూ ఆమె దాని గురించే చెప్పి అందరికీ ఆకలి పుట్టిస్తుందట. అలాంటి కూర ఇంకెవ్వరూ చేయలేరంటుందట.

ఆ మాట ఆమె నాతో ఎన్నడూ అనలేదు. వాళ్లతో అన్నది. మళ్లీ మండింది, అయ్యా. ఇది తమ శాఖ పరిధిలోకి రాదని ఎరుగుదును. అయినా వంకాయలు తెచ్చి ఉంచాను.