బలపడే సూచన లేదు

కారియకూ దీవి,
జూలై నెల

వాతావరణం ఆఫీసులో ఉత్తరాలు విప్పే పెద్దమనిషికి,

నా పేరు యూరలీ కజో. ఇక్కడ దక్షిణపు రేవు మీది గుట్టపైన రొట్టెల బట్టీ నడుపుతాను. ఆఫ్రికా ఒడ్డు దాటి ఒక గాలి అల బయల్దేరిందనీ, మా దీవుల వైపే నడిచి వస్తోందనీ పొద్దున్నే మీ రేడియో చెప్పింది. తర్వాత "గమనిస్తున్నాం" అని ఊరుకుంది. గమనించేవాళ్ళు గమనించింది ఏమిటో చెప్పొద్దూ? అది బలపడి వాయుగుండం అవుతుందా, లేక ఉత్త మబ్బై పోతుందా? ఒక్క ముక్క రాయండి. దాన్నిబట్టి నేను చేసుకోవలసిన పనులున్నాయి.

ఇట్లు,
యూరలీ కజో

తా.క.: వెంటనే జవాబు రాయండి. మా టపా పడవ నడిపే మనిషికి దారిలో ప్రతి దీవిలోనూ ఒక మేనత్త ఉంది. అందరి దగ్గరా భోంచేసి గానీ రాడు.

*

వాతావరణ కార్యాలయం,
ఆగస్టు మొదట్లో

శ్రీమతి కజో గారికి,

మీ ఉత్తరం అందింది. అందేసరికి మీరడిగిన అల మీ ఇంటి మీదుగానే దాటిపోయింది. ఎడారి దుమ్ము మింగి, ఊపిరాడక, బలపడకుండానే చితికిపోయింది.

ఈ ఏడాది అలలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. అయినా మీరేమీ భయపడకండి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకి గాలివానలంటే బెదురు సహజమే. మీ క్షేమం చూసుకోమని మీ దీవి సహాయ సంఘానికి నేనే స్వయంగా రాశాను.

భవదీయుడు,
క్లెమెంట్ ఇన్నిస్,
వాతావరణ పరిశీలకుడు

తా.క.: నిద్ర పట్టకపోతే రేడియో కట్టేసి వేడి పాలు తాగండి. మా అమ్మమ్మకి బాగా పనిచేసింది.

*

కారియకూ,
ఆగస్టు

ఇన్నిస్ గారూ,

నేను భయపడుతున్నానని మీకెవరు చెప్పారు?

మీ సహాయ సంఘంవాళ్ళు నలుగురు వచ్చారు. "అమ్మా, మీకే భయమూ వద్దు" అంటూ సముద్రం వైపున్న కిటికీలన్నిటికీ చెక్కలు దిగ్గొట్టారు. ఆ కిటికీల కోసమే నేను ఈ గుట్టమీద ఇల్లు కట్టుకున్నాను. తర్వాత నాకు ధైర్యం చెప్పమని పాదిరీగారిని పంపారు. ఆయన ధైర్యం చెబుతూ చెబుతూ కొబ్బరి రొట్టెలు పళ్ళెంతో సహా ఖాళీ చేశాడు.

ఇప్పుడు ఇంకో అల బయల్దేరిందటగా. సంగతేమిటి? ఇదైనా బలపడితే బాగుణ్ణు.

యూరలీ కజో

తా.క.: "పెద్దవాళ్ళు" అన్నారు. ఆ మేకులన్నీ నేనే పీకాను. సుత్తి కనపడకపోతే పళ్ళతోనే పీకేదాన్ని, అన్నీ ఉన్నాయి.

*

వాతావరణ కార్యాలయం,
ఆగస్టు చివర

అమ్మా,

మీరడిగిన అల ఉత్తరానికి తిరిగి నడిసముద్రంలో పడిపోయింది. మీకు చినుకు కూడా రాదు.

కానీ మీ ఉత్తరంలో "బలపడితే బాగుణ్ణు" అన్న మాట చూసి మా ఆఫీసంతా కంగారుపడింది. మొదట చెయ్యి జారి రాశారనుకున్నాం. మా పై అధికారి రెండుసార్లు చదివి, "ఈవిడకి ఎవరిమీదో పగ ఉందయ్యా" అన్నారు. పొరుగువాళ్ళతో గట్టు తగాదాలేమైనా ఉన్నాయా? గాలి మీ శత్రువు కప్పు ఒక్కటే ఎంచి ఎగరగొట్టదు. దయచేసి ఆలోచించండి. నెమ్మదిగా విచారించమని మీ ఊరి కానిస్టేబులుకి కబురు పెట్టాం.

క్లెమెంట్ ఇన్నిస్

తా.క.: మీ పళ్ళ గురించి విని సంతోషించాను.

*

కారియకూ,
సెప్టెంబరు మొదట్లో

నాయనా ఇన్నిస్,

మీ కానిస్టేబులు నెమ్మదిగానే విచారించాడు. రొట్టెలకి నిలబడ్డ జనం ముందు టోపీ తీసి, "యూరలీ, నువ్వు తుఫాను ఎవరి మీదకి రప్పిస్తున్నావ్?" అని అడిగాడు. ఆ సాయంత్రమే పొరుగింటి హెస్టర్ వచ్చి, తన మేక నా కందిచెట్లు మేసినందుకు క్షమాపణ చెప్పి, మేకనే ఇవ్వబోయింది. ఇప్పుడు ఊళ్ళో అందరూ నాకు వంగి వంగి దణ్ణాలు పెడుతున్నారు. ఇక దాచి లాభం లేదు, చెబుతాను.

మా రేవు చివర మడ అడవుంది. గాలివాన వస్తుందంటే ఈ చుట్టుపక్కల పడవలన్నీ అందులోకి దూరి, వేళ్ళకి తాళ్ళు కట్టుకుని తలదాచుకుంటాయి. వాటిలో "కోరల్ స్టార్" అని ఒక సరుకుల పడవ. దాన్ని నడిపేవాడు సింక్లెయిర్ మెక్‌లారెన్. పడవ కట్టేసి, తడిసిన చొక్కాతో గుట్టెక్కి నా ఇంటికొస్తాడు. "గాలి తిరిగింది యూరలీ" అంటాడు. "లోపలికి రా" అంటాను. ఆకు పులుసు తాగుతాడు. తలుపు బందు ఊడిందనో, కప్పు కారుతోందనో ఏదో ఒకటి బాగుచేస్తాడు. నేను పోగుచేసి పెట్టుకున్న కబుర్లన్నీ వింటాడు. గాలి తగ్గిందంటే వెళ్ళిపోతాడు. ఏళ్ళ తరబడి ఇంతే. నువ్వెందుకొచ్చావని నేనడగను, ఆయనా చెప్పడు. గాలివాన కదా, రాక ఏంచేస్తాడు!

ఈ ఏడు రేడియో నిండా అలలే. అయినా ఒక్కటీ మా మీదకి రాలేదు. ఒకటి దుమ్ము తిని చచ్చింది, ఒకటి ఉత్తరానికి పోయింది. రెండుసార్లు కోరల్ స్టార్ తెరచాప కిటికీలోంచి కనిపించింది. ఎండలో తళతళా మెరుస్తూ అలా దాటిపోయింది. ఆయనకి ఇక్కడ ఆగడానికి కారణం ఏముంది? తలుపు బందు నేనే ఊడదీసి పెట్టుకుని కూర్చున్నాను.

నీకు పుణ్యముంటుంది. వచ్చే అలకి రేడియోలో ఒక్కసారి "బలపడే అవకాశం ఉంది" అని అనిపించు. ఒక్కసారే.

యూరలీ

తా.క.: పేరు పెట్టేంత తుఫాను వద్దు. పడవలవాళ్ళకి కాస్త కడుపులో తిప్పితే చాలు.

*

వాతావరణ కార్యాలయం,
సెప్టెంబరు

యూరలీ గారూ,

మేకులకీ, పాదిరీగారికీ, కానిస్టేబులుకీ అన్నిటికీ నన్ను క్షమించండి. మేం గీసే పటంలో మీ దీవి పెన్సిలు ములుకంత ఉంటుంది. మీ ఉత్తరం చదివాక అక్కడ నాకొక కిటికీ కనిపిస్తోంది.

కానీ మీరడిగింది చెయ్యలేను. నేను ఆ మాట అంటే జాలర్లు వేటకి పోరు, తల్లులు పిల్లల్ని బడికి పంపరు. రేపు నిజంగా వచ్చిననాడు నా మాట ఎవరూ నమ్మరు. ఇప్పుడొక అల మీ వైపు వస్తోంది. పైగాలి దాని తల నరికేస్తోంది. బలపడే సూచన లేదు. ఎన్నోసార్లు రాసిన మాటే ఇది. రాయడానికి చెయ్యి రాకపోవడం మాత్రం ఇదే మొదలు.

ఆయనకే ఒక ఉత్తరం రాయకూడదా?

మీ
క్లెమెంట్

తా.క.: మా పై అధికారి కళ్ళద్దాలు తుడుచుకుని, "మరీ అంత కాకపోయినా, చల్లగాలి వీస్తుందని అందామా?" అని అడిగారు. కుదరదన్నాను. అప్పట్నించీ నాతో మాట్లాడటం లేదు.

*

కారియకూ,
సెప్టెంబరు చివర

క్లెమెంట్ బాబూ,

నీ ఉత్తరం తెచ్చిన టపా పడవలోనే ఇది పంపుతున్నాను. నువ్వు బలపడదన్న అల ఒక్క రాత్రిలో బలపడింది. సాయంత్రం రేడియో సూచన లేదనే చెప్పింది. తెల్లారేసరికి బట్టీ గొట్టం కూలింది, హెస్టర్ ఇంటి రేకులు లేచిపోయాయి. మనుషులకి ఏమీ కాలేదు.

పడవలన్నీ చివరి ఘడియలో మడల్లోకి వచ్చి పడ్డాయి. వానలో నిలబడి ఒక్కొక్కదాన్నీ చూశాను. కోరల్ స్టార్ రాలేదు. గాలి తగ్గి ఇన్నాళ్ళైనా కబురు లేదు. ముందురోజు మధ్యాహ్నం దాన్ని సముద్రంమీద చూశామన్నవాళ్ళు ఉన్నారు.

నీమీద కోపం లేదు. నువ్వు బలపడదన్నావు. బలపడాలని కూర్చుని కోరుకున్నది నేను. ఇప్పుడు కిటికీలకి చెక్కలు నేనే కొట్టుకున్నాను. ఖాళీ సముద్రాన్ని చూడలేకపోతున్నాను.

మీకు ఓడలతో మాట్లాడే యంత్రం ఉంటుందటగా. ఎవరైనా ఆ పడవని చూశారేమో అడుగు నాయనా.

యూరలీ

*

కారియకూ,
అక్టోబరు

వాతావరణం ఆఫీసు ఇన్నిస్ దొరగారికి,

సింక్లెయిర్ మెక్‌లారెన్ రాయడం. నాకోసం మీరు ఓడలన్నిటినీ అడుగుతున్నారని తెలిసింది. వెతకడం ఆపండి. బతికే ఉన్నాను.

అసలు మీమీద నాకు పట్టరాని కోపం ఉండేది. ఈ ఏడంతా ఆ రేవు పక్కనుంచి ఎన్నిసార్లు పోయానో! పోయే ముందు ప్రతిసారీ రేడియోకి చెవి ఆనించేవాణ్ణి. ప్రతిసారీ మీరు "బలపడే సూచన లేదు" అనేవారు. పట్టపగలు ఎండ కాస్తుంటే మడల్లోకి దూరడానికి నాకేం సాకుంది? తోటివాళ్ళు నవ్వరా? ఆవిడ మాత్రం "ఎందుకొచ్చావ్?" అంటే ఏం చెప్పను? బట్టీ పొగ కనబడినంతసేపూ చూసి, పడవని అలాగే పోనిచ్చేవాణ్ణి.

ఆఖరికి ఆ సాయంత్రం మీరు మళ్ళీ అదే మాట అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఈ ఆఫీసుని నమ్ముకుంటే నాకీ జన్మలో పెళ్ళి కాదు" అని మావాళ్ళతో అని, పడవని పక్క దీవికి తిప్పేశాను. అక్కడ యూరలీ వాళ్ళన్న కాన్రాడ్ పడవలు కడతాడు. మా దగ్గర పిల్లనడగాలంటే ముందు ఇంటి మగవాణ్ణి అడగాలి. అడిగాను.

ఆయన ఔననలేదు, కాదనలేదు. "బావ అవుదామనుకునేవాడు పడవ అడుగు ఎలా ఉంచుకున్నాడో చూడాలి" అన్నాడు. ఊళ్ళోవాళ్ళందర్నీ పిలిచి, కోరల్ స్టార్‌ని ఒడ్డుమీదకి లాగించి, కొబ్బరిచెట్లకి కట్టించి, దీపం పట్టుకుని కింద దూరాడు. "ఇంత నాచా! నా చెల్లెల్ని కూడా ఇలాగే చూసుకుంటావా?" అని తిడుతుండగానే గాలి లేచింది. అదే గనక మీరు బలపడుతుందని చెప్పి ఉంటే, ఎప్పట్లాగే మడల్లో దూరి, పులుసు తాగి, బందు బిగించి వెళ్ళిపోయేవాణ్ణి.

నాచంతా గీకి, రంగు వేస్తేగానీ పడవని ఆయన నీళ్ళలోకి దింపనివ్వలేదు. కబురు పంపుదామంటే, "ఇలాంటి మాట కబురు పంపుతారా? వెళ్ళి చెప్పుకో" అన్నాడు. ఆవిడ అక్కడ ఏమైపోతోందో నాకేం తెలుసు!

నేను గుట్టెక్కేసరికి ఆకాశంలో మబ్బు తునక లేదు. కిటికీలకి చెక్కలున్నాయి. తలుపు కొట్టాను. ఆవిడ తీసి, నా వెనకున్న ఆకాశం కేసి చూసింది. "గాలి ఎటూ తిరగలేదుగా. ఎందుకొచ్చావ్?" అంది.

దారి పొడవునా వల్లెవేసుకున్న మాటలన్నీ ఎటు పోయాయో!

"ఊరికే" అన్నాను.

సింక్లెయిర్ మెక్‌లారెన్

తా.క.: ఇది రాస్తున్నది యూరలీ. ఆ మాట అన్నాక ఎవరు ఏడ్చారో ఈయన రాయలేదు. నేను మాత్రం కాదు.