పనికిరాని ముక్కలు

ఆత్మకూరు, బుధవారం రాత్రి

పొద్దున మా రికార్డింగ్ షాపులో కంప్యూటర్ మళ్లీ ఆగిపోయింది. ఉదయగిరిలో కంప్యూటర్లు బాగుచేసే రఫీకి ఫోన్ చేశాను.

"హార్డ్ డిస్క్ పొయ్యేట్టు ఉండాది. డిస్క్ చెక్ పెట్టు. అయ్యేదాకా ముట్టుకోబాకరా" అన్నాడు.

నాలుగు గంటలు పట్టింది. నా భార్య సుజాత గొంతుతో ఆటో మైకుల కోసం రికార్డు చేసిన ప్రకటనలన్నీ దక్కాయి. మర్రిపాడు చీరల సేల్, ఏఎస్ పేటలో హోటల్, అన్నీ వరసగా విన్నాను. ఆమె పోయి రెండేళ్లయింది. ఒక్క మాటా చెడలేదు. కానీ అవన్నీ ఊరి జనానికి చెప్పిన మాటలే. మొదలుపెట్టే ముందు ఆమె దగ్గు, నవ్వు, నా మీద విసుగు అన్నీ నేనే కత్తిరించి పారేశాను. నా పని శుభ్రంగా ఉంటుందని గొప్ప కూడా చెప్పుకున్నాను.

డిస్క్ చెక్‌లో బయటపడ్డ, ఎప్పుడో చెరిపేసిన ఫైళ్ల తెగిన ముక్కలు వేరే ఫోల్డర్లో పడ్డాయి. "అవెందుకూ పనికిరావు, తీసెయ్" అన్నాడు రఫీ ఫోన్లో. తీసెయ్యబోయి, మనసొప్పక ఒక్కొక్కటీ తెరిచాను. అన్నిట్లోనూ గరగరే. ఒక్కదాంట్లో మాత్రం సుజాత.

"ఏమయ్యా, ఫ్యాను ఆపినావా? చెప్పనా ఇంక?"

అక్కడితో తెగిపోయింది. ఫ్యాను చప్పుడు మైకులో పడుతుందని ప్రతిసారీ అలాగే అడిగేది.

లేచి ఫ్యాను ఆపాను. ఇది రాస్తుంటే చెమట కాగితం మీద పడుతోంది. ఫ్యాను ఇంకా వెయ్యలేదు.