కుట్టు అని దిద్దను

మంగళవారం, శ్రీకాకుళం

ఈరోజు మా ఆఫీసు సారు మాట మొదటిసారి కాదన్నాను.

బెస్తవాళ్ల ఊళ్లో ఆడవాళ్లకు ఏ శిక్షణ కావాలో అడిగి ఫారాలు నింపుకు రమ్మని పంపింది ఆయనే. చేపల వేట నిషేధం రోజులు కదా, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఇంజన్లు విప్పి పెట్టి మెకానిక్ కోసం చూస్తున్నారు.

పడవ పక్కన కూర్చున్న ఎర్రమ్మ అనే పెద్దావిడ నన్ను చూడగానే నవ్వింది. “మళ్లీ కుట్టుపనేనేటమ్మా? మిషను ఇంటికొకటి ఉన్నాది, గుడ్డ తెచ్చీవోళ్లే నేరు. ఇంజను సెడితే విశాఖపట్నం నుంచి మనిషి రావాల. నా కోడలికి ఆ ఇంజను పని నేర్పించు.”

“ఊరుకో అత్తా, ఆ పిల్ల బెదిరిపోతన్నాది,” అంది కోడలు నా వైపు చూసి.

చాలామంది అదే మాట అన్నారు. అన్నది అన్నట్టే రాసి, సంతకాలు పెట్టించాను.

సాయంత్రం ఆఫీసులో సారు ఫారాలు బల్ల మీద పడేశారు. “ఆడోళ్లకి ఇంజన్లేటమ్మా? కుట్టుమిషన్లు వచ్చేసి గోడౌన్లో ఉన్నాయి. అన్నీ కుట్టు అని దిద్దీ.”

“వాళ్లు సంతకం పెట్టింది కుట్టు కింద కాదు సార్.”

“నీ కాంట్రాక్టు వచ్చే నెలతో అయిపోతాది, గుర్తుందా?”

“గుర్తుంది సార్.”

కాన్వెంటులో సిస్టర్లు నెమ్మదిగా మాట్లాడమని నేర్పారు. దిద్దనని నెమ్మదిగానే చెప్పాను.

ఉద్యోగం పోతే అమ్మకు ఏం చెప్పాలి? ఫారాలు ఆయనే దిద్దేస్తే ఎర్రమ్మ ముఖం ఎలా చూడాలి...

దిద్దుకోనీ. ఆ దిద్దిన చోట ఆయనే సంతకం పెట్టుకోవాలి. నేను మాత్రం పెట్టను.