ట్రామ్ పట్టాల మీద నీ ఎర్ర కారు

బావా,

మన ఫిజీలో వునిమోలి ఊరి నుంచి టాబియా దాకా గల సమస్త కోళ్లకూ మేకలకూ తెలియజేయడమేమనగా, ఇకమీదట ఎర్ర కారు వస్తే దారి ఇవ్వవలెను. దాని యజమానిని ఇప్పుడు నేను.

నువ్వు పోయాక అక్క అమ్మేసిన నీ రెండు సీట్ల కారే. "చెరకు లారీ ఉంది కదా భాయ్, ఇంటికి వ్యాన్ తీసుకో" అన్నాడు పాత కార్ల షాపువాడు. నాకు నీ మీద కసి తీర్చుకోవాలని ఉందని వాడికేం తెలుసు. పదేళ్లు నన్ను దాన్ని ముట్టుకోనివ్వలేదు నువ్వు. లారీ వాసన అంటుకుంటుందన్నావు. అక్క కూడా చేపల బుట్టతో బస్సులోనే వచ్చేది.

నిన్నటితో నీ సంవత్సరీకం అయింది. ఇవాళ అక్కను చేపల బుట్టతో సహా ఎక్కించి, నువ్వెప్పుడూ కారు తీసుకురాని చెరకుతోట దారిలో, మిల్లుకు చెరకు మోసే ట్రామ్ పట్టాలు దాటించాను. కారు కడుపు కర్రుమని గీసుకుంది.

"ధీరే చలావ్, మెల్లగా పోనీ రా, మీ బావకి తెలిస్తే చంపేస్తాడు" అంది అక్క.

నీకు తెలియాలనే వెనక్కి తిప్పి మళ్లీ దాటించాను. అక్క పడిపడి నవ్వింది.

ఆ నవ్వు మాత్రం నేను కల్పించాను బావా. ఇంటికి వచ్చాక అక్క, చేపల నీళ్లు కారిన సీటును కొంగుతో తుడుస్తూ అక్కడే ఉండిపోయింది.