ఓణీ కంటే ముందు టీకా

శనివారం రాత్రి, తాడేపల్లిగూడెం

ఓణీల ఫంక్షన్లను ఏళ్ల తరబడి వ్యాసాల్లో ఉతికి ఆరేసిన నేను, ఈరోజు మేనమామగా ఓణీ తెస్తానని ఒప్పుకున్నాను.

నెల రోజులుగా గణపవరంలోని చెల్లితో ఇదే గొడవ. "పెళ్లికాని పిల్లకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ఏంటన్నయ్యా? నలుగురూ ఏమనుకుంటారు?" అనేది. నాకు ఒళ్లు మండేది. ఈ వయసులో వేస్తేనే కదా అది బాగా పనిచేసేది! పిల్ల పెద్దమనిషైందని ఊరందరికీ భోజనాలు పెట్టడానికి లేని సిగ్గు, ప్రాణం కాపాడే సూదికొచ్చిందా? ఆ సిగ్గుతోనే అమ్మ రక్తస్రావం దాచుకుని, ఆ జబ్బుతోనే పోయింది. టీకా వేయించకపోతే ఫంక్షన్‌కి రానని మొండికేశాను.

ఇవాళ తల్లీకూతుళ్లిద్దరూ ఇక్కడి ఆస్పత్రి నుంచి నేరుగా మా ఇంటికొచ్చారు.

"వేయించానండీ వ్యాసకర్తగారూ! ఇక ఓణీ తమరే తేవాలి, మేళంతో" అంది చెల్లి.

"చెయ్యి లాగేస్తోంది మావయ్యా. నీలం ఓణీ అయితే తగ్గుతుంది" అంది మేనకోడలు.

ఎంత నవ్వానో! దాచుకున్న పదునైన మాటలన్నీ వృథా. ఇంత హాయిగా ఎప్పుడూ ఓడిపోలేదు.

మరి నీ క్యాన్సర్ పరీక్ష సంగతేమిటని చెల్లిని అడిగాను. "ఫంక్షన్ కానీ అన్నయ్యా" అంది. విషయం బయటపడ్డాక అమ్మ కూడా ముందు నీ పెళ్లి కానీ అని నాతో అంది. పరీక్ష చేయించుకుంటే మేళానికి ముందు నడుస్తానన్నాను. చూద్దాంలే అంటూ బస్సెక్కింది.

రేపు మంచి నీలం ఓణీ ఎక్కడ దొరుకుతుందో అడగాలి, నా వ్యాసాలు చదవనివాళ్లని.