శుక్రవారం విమానంలో ఎన్ని తలలు

చిరంజీవి తమ్ముడికి, అక్క దీవెనలు.

నువ్వు ఆ చౌక విమానాల కంపెనీలో చేరిన నాటినుంచీ ఒక ప్రశ్న నా మనసులో నలుగుతూనే ఉంది. నన్ను విమానాశ్రయం దాకా దింపే టాక్సీకి ఇచ్చేదానికన్నా, అక్కణ్ణించి గంటసేపు ఆకాశంలో మోసుకెళ్లే మీకు ఇచ్చేది తక్కువ. మరి ఆ తేడా ఎవరు భరిస్తున్నార్రా? అత్త సొమ్ము అల్లుడు దానం అంటారే, ఇక్కడ ఆ అత్త ఎవరో ఇన్నేళ్లయినా కనుక్కోలేకపోయాను. కాలేజీలో ఇరవయ్యేళ్లుగా ఎకనామిక్స్ చెబుతున్నదాన్ని, నాకే తెలియకపోతే పిల్లలకేం చెప్పను?

మొన్న శుక్రవారం మీ విమానంలో పదకొండుమందిమి. సీటు వెనక్కి వాలదు. ముందు సీటు కూడా నా మీదికి వాలదు కాబట్టి సంతోషించాలట. మంచినీళ్లడిగితే ధరల కాగితం చేతికిచ్చారు. ఇంత గొప్ప ఆలోచన ఎవరిదమ్మా అంటే నీ హోదా చెప్పారు.

గట్టిగా తిడదామంటే భయం. ఉద్యోగం ఈ ఊళ్లో, మీ బావా పిల్లా ఆ ఊళ్లో. బస్సయితే పద్నాలుగు గంటలు. మీ విమానం ఆగిందా, ఉద్యోగమో ఇల్లో ఏదో ఒకటి వదులుకోవాలి. పదకొండుమందితో ఎన్నాళ్లు నడుపుతారు?

ఇట్లు,
ముడుచుకున్న మోకాళ్లతో
నీ అక్క

తా.క.: దిగేటప్పుడు తలుపు దగ్గర మీ కంపెనీ అమ్మాయి ‘మళ్లీ మాతోనే ప్రయాణించండి’ అని నవ్వి, ఆ నవ్వు ఆరకముందే చీపురందుకుంది. పలకరించేదీ ఊడ్చేదీ ఒకరేనా?

* * *

అక్కకి నమస్కారాలు.

నీకు వ్యాపారం పుస్తకాల్లో తెలుసు, నాకు ఒంటిమీద తెలుసు. ఆ రూటులో మాకు నష్టం రావడం లేదక్కా, ఆ నష్టాన్ని మేమే కావాలని ఎంచుకున్నాం. మాకూ, అదే రూటులో పోటీకొచ్చిన ఎర్రతోక విమానాలవాళ్లకీ ఊపిరి బిగబట్టే పందెం ఇది. వాడు ముందు వదిలేశాడా, ఆ తర్వాత టికెట్టు ధర చూద్దువుగాని! డైరెక్టర్లు మూడు నెలలు గడువిచ్చారు. ఈలోగా వాడు పారిపోకపోతే నీ శుక్రవారం విమానమూ పోతుంది, నా కుర్చీ పోతుంది.

అందుకే వాడి విమానంలో రోజూ మా మనిషిని ఎక్కిస్తున్నాను. ప్రయాణికుల తలలు లెక్కపెట్టుకొస్తాడు. ఈ ఉపాయం వాడికి కల్లో కూడా తట్టదు.

ఇట్లు,
గెలవబోతున్న నీ తమ్ముడు

తా.క.: ఈ సంగతులు ఫోన్లో మాట్లాడకు, వాడు వింటాడు. ఈ ఉత్తరం చింపెయ్యి. చింపినట్టు ఉత్తరం రాయి.

* * *

చిరంజీవికి, ముందుగా: చింపాను.

నేనింకా మెట్లమీదుండగానే మీవాళ్లు తలుపేసేశారు. ఇక ఎర్రతోకే దిక్కయింది. అందులో మీవాళ్లు ముగ్గురు. నీ పెళ్లిలో ప్రతి ఫొటోకీ అడ్డం నిలబడ్డ గుమాస్తా, నన్ను చూడగానే, ప్రమాదమొస్తే ఏం చెయ్యాలో బొమ్మలేసి ఉండే అట్టని ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. గంటసేపు దించలేదు. అంత శ్రద్ధగా దాన్ని చదివిన మనిషి ప్రపంచంలో ఇంకొకడుండడు.

తిరిగొచ్చేటప్పుడు మీ విమానం దొరికింది. అందులో ఎర్రతోకవాళ్లు నలుగురు. ఎలా తెలిసిందంటావా? కిటికీలోంచి చూడరు, వెనక్కి తిరిగి చూస్తారు. పెదాలు కదులుతుంటాయి. ఒకాయన మూడుసార్లు టాయిలెట్టుకి వెళ్లాడు, పోతూ ఎడమ వరసలు, వస్తూ కుడి వరసలు. కల్లో తట్టదన్నావు, పట్టపగలే తట్టింది నాయనా. వాణ్ణి నువ్వూ నిన్ను వాడూ లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే ప్రయాణికుల గొడవ ఎవరికి?

ఇట్లు,
మీ ఇద్దరి లెక్కలోనూ పడిన
నీ అక్క

తా.క.: పక్క సీటాయన మెల్లిగా, “మీరే కంపెనీ అండీ?” అన్నాడు. “కాలేజీ అండీ” అన్నాను. “కొత్తదా? ఎన్ని విమానాలు?” అన్నాడు.

* * *

అక్కా, శుభవార్త!

నీ ఉత్తరం చదివి ఎగిరి గంతేశాను. వాడు మనుషుల్ని పంపుతున్నాడంటే వణుకుతున్నట్టేగా! ఇంకో వింత చూడు. నెల కిందట వాడి విమానంలో పన్నెండు తలలు, ఇప్పుడు తొంభై! మాకు నూట పది! ఆ రూటుకి ఇంత గిరాకీ ఉందని ఎవరనుకున్నారు? మావాళ్లలో ఒకడి లెక్క ఇంకొకడితో కలవడంలేదు. అందుకని లెక్కపెట్టేవాళ్ల మీద లెక్క చూడ్డానికి ఇంకో నలభైమందిని పంపాను. స్టోర్‌రూమువాణ్ణి కూడా వదల్లేదు.

డైరెక్టర్లు భుజం తట్టారు. నా కుర్చీకి ఢోకా లేదు. ఆ రూటుకే రెండు కొత్త విమానాలు కొంటున్నాం, సోమవారం సంతకాలు.

ఇట్లు,
గెలిచేసిన నీ తమ్ముడు

తా.క.: నీతోనే చెబుతున్నాను, అసలు భయం ఎర్రతోక కాదు. ఎవరో మూడో కంపెనీ దిగబోతోంది. వాళ్ల మనిషి ఒకావిడ. నలభై దాటి ఉంటాయి, కళ్లజోడు. శుక్రవారం వెళ్తుంది, ఆదివారం వస్తుంది. మాదీ ఎక్కుతుంది, వాడిదీ ఎక్కుతుంది. ఒళ్లో కాగితాల కట్ట, చేతిలో ఎర్రకలం, ఒక్కో కాగితానికీ మార్కులేస్తుందట! సీట్లకో, మా అమ్మాయిల మర్యాదకో. చాలావాటికి ముప్ఫై దాటలేదని మావాడు తొంగిచూసి వచ్చి చెప్పాడు. ఆవిడకి జడిసి ఎర్రతోకవాడూ విమానాలు పెంచుతున్నాడు. నీకు కనపడితే మాటల్లో పెట్టు.

* * *

చిరంజీవి తమ్ముడికి,

ఆవిడని మాటల్లో పెట్టాను. పెద్ద తెలివైనదేం కాదు.

నిన్న మీ విమానంలో లేచి నిలబడి నేనూ లెక్కపెట్టాను. నూట పద్దెనిమిది తలలు. “తలలు లెక్కపెట్టే పనిమీద కాకుండా వచ్చినవాళ్లెవరైనా ఉంటే చెయ్యెత్తండి” అన్నాను. చిట్టచివర ఒకాయన ఎత్తాడు. ఆయన నన్ను కనిపెట్టడానికి వచ్చాట్ట. చీపురమ్మాయి, “అమ్మా, కూర్చోండి, మీరు లేస్తే అందరి లెక్కా మొదటికొస్తుంది” అంది.

నూట పద్దెనిమిదిలో ప్రయాణికురాలు ఒక్కతేరా. మీ మూడో కంపెనీ కూడా ఆవిడే. అవి మా పిల్లల పరీక్ష పేపర్లు. ముప్ఫై దాటనిది మీ సీట్లు కాదు, వాళ్లు. ‘కంపెనీల పోటీవల్ల ఎవరికి లాభం?’ అనడిగితే అందరూ వినియోగదారుడికి అని రాశారు. ఆలోచన లేని జవాబని కొట్టేశాను. చూడబోతే ఆ వినియోగదారుణ్ణి నేనే. ఒక్కదాన్ని ఇంటికి చేర్చడానికి రెండు కంపెనీలు కళ్లు పొడుచుకుంటున్నాయి. మార్కులు దిద్దాలేమో.

నిజం తెలిస్తే ఆ రూటు మూసేస్తారు, నీ కుర్చీ లాగేస్తారు, నేను బస్సెక్కుతాను. తెలియకపోతే సోమవారం సంతకాలు పెడతావు. ఆ తర్వాత పడే దెబ్బ నీ ఒక్కడితో ఆగదు, చీపురమ్మాయి దాకా పోతుంది. చెబితే అది నీ మంచి కోరడమో, నీ తెలివిని చూసి నవ్వాలన్న దురదో నాకు తెలీదు. చెప్పకపోతే అది నీమీద ప్రేమో, శుక్రవారాల మీద ప్రేమో అదీ తెలీదు.

ఇట్లు,
మూడో కంపెనీ

తా.క.: పోస్టు డబ్బా ఐదింటికి తీస్తారు. ఈవేళ వేస్తే సంతకాలకి ముందే నీకందుతుంది, రేపు వేస్తే అందదు. ఇప్పుడు నాలుగున్నర. చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాను. వెయ్యాలో మానాలో ఇంకా తేల్చుకోలేదు.