మామయ్య నోట "ముట్టింది"

అమ్మా,

వచ్చే సోమవారం పొద్దున తొమ్మిదింటికి మామయ్యకి గొంతు ఆపరేషన్. ప్రాణానికి భయం లేదు గానీ మాట పోతుందని డాక్టరు నిన్న తేల్చి చెప్పారు. ఫోన్లో చెబితే ఏడుపు మొదలుపెడతావని కార్డు రాస్తున్నాను. మనిషి గట్టిగానే ఉన్నాడు.

ఇప్పుడు మామయ్య కొట్లో అందరూ ఫోనుతోనే డబ్బు కడుతున్నారు. ఎంత పడిందో గల్లా మీది చిన్న పెట్టె పైకి చెబుతుంది. అయినా పాతవాళ్లు మామయ్య నోట "ముట్టింది" అని వినందే మెట్టు దిగరు. చిన్నప్పుడు నేను పెన్సిలు కొన్నా పెద్దవాళ్లకి చెప్పినట్టే ఆ మాట చెప్పి పంపేవాడు. దాన్ని ఆయన గొంతుతోనే పెట్టెలోకి ఎక్కించవచ్చని ఆ పెట్టె కంపెనీ అమ్మాయి చెప్పింది.

"బతికుండగానే నన్ను పెట్టెలో పెడతారేంట్రా?" అని కసిరాడు. అత్తయ్య బతిమాలినా వినలేదు. ఆయన గొంతు మన దగ్గర మరెక్కడా రికార్డయి లేదు. అక్కవి, నీ మాట కాదనడు, కార్డు అందగానే ఆయనకి ఫోన్ చెయ్యి.

నీ కంటి చుక్కల మందు అయిపోయిందా, పంపనా? నాన్నకి నా నమస్కారాలు.

ఆ అమ్మాయి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి కొట్టుకి వస్తుంది.